గడికీ గడికీ మధ్య సందు

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి స్మారకంగా జరిగే ఈ ఉపన్యాసం ఇప్పటిదాకా చిత్రకారులే చేస్తూ వచ్చారు. ఈ ఏడు బొమ్మ గీయడం రాని నన్ను పిలిచారు. బొమ్మల కథలు రాయడం నా పని. మాస్టారు పగలు బళ్ళో డ్రాయింగు పాఠం చెప్పి, రాత్రిళ్ళు నా కథలకు బొమ్మలు వేసేవారు. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి, పదకొండు పుస్తకాలు వచ్చాయి. ఆయన వేసిన ప్రతి పేజీ వెనకా నేను రాసిచ్చిన కాగితం ఒకటి ఉండేది. పుస్తకం అచ్చయ్యాక ఆ కాగితంతో ఎవరికీ పని ఉండదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ కాగితం గురించే. దాని మీద ఏం రాయాలో నాలుగైదేళ్ళలో పట్టుబడింది. ఏం రాయకుండా వదలాలో తెలియడానికి మిగతా కాలమంతా పట్టింది. ఆ రెండోది నేర్పినవారు మాస్టారు.

కోడిపందెం పేజీ

బొమ్మల కథ రాస్తానంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "బొమ్మలు ఆయన వేస్తారు కదా, బుడగల్లో మాటలు మీరు రాస్తారా?" మాటలు రాయడం ఆ పనిలో చివరి మెట్టు. అంతకుముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఒక సంఘటనలో వెయ్యి క్షణాలు ఉంటాయి. పేజీలో ఆరు గడులకు మించి పట్టవు. ఆ వెయ్యిలో ఆరు క్షణాలు ఏరడం రచయిత పని. మిగిలిన తొమ్మిదివందల తొంభై నాలుగూ ఏమవుతాయన్నదే అసలు సంగతి.

మా రెండో పుస్తకం పలనాటి కథ. కోడిపందెం ఘట్టానికి వచ్చాం. ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని ఒప్పందం. నాగమ్మ పక్షం గెలిచింది, బ్రహ్మనాయుడి మాచర్ల పక్షం ఓడింది. ఆ బరిలో మొదలైన నడక కారెంపూడి యుద్ధభూమిలో గానీ ఆగలేదు. అంత బరువున్న ఘట్టం కాబట్టి నేను ఏదీ వదలకుండా రాశాను. మొదటి గడిలో కోళ్ళు ఎదురెదురుగా నిలబడటం, రెండో గడిలో ఎగిరి తన్నుకోవడం, మూడో గడిలో నెత్తురు, నాలుగో గడిలో బ్రహ్మనాయుడి కోడి కూలిపోవడం, అయిదో గడిలో నాగమ్మ నవ్వు, ఆరో గడిలో బ్రహ్మనాయుడు తల వంచుకోవడం. ప్రతి గడి నెత్తినా రెండేసి వాక్యాల వ్యాఖ్యానం కూడా పెట్టాను.

మాస్టారు కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కోడి పడిపోయిందని నువ్వే చెప్పేశావు. పడిపోవడం నన్నూ గీయమన్నావు. మరి చదివే పిల్లాడు ఏం చెయ్యాలిరా?" అన్నారు.

వారం తరవాత పేజీ ఇచ్చారు. ఆరు గడులు నాలుగయ్యాయి. మొదటిది పేజీ వెడల్పంతా పరుచుకుంది. రెండు కోళ్ళు, వాటి చుట్టూ జనం కాళ్ళు మాత్రమే. ముల్లుగర్రలు, చెప్పులు, పంచె అంచులు. ఒక్క మొహం లేదు. ఎవరిదో గొంతు: "వదలండి!" రెండో గడి నిండా దుమ్ము. మూడో గడిలో ఖాళీ బరి, దాని మీదికి గాలిలో ఊగుతూ దిగుతున్న ఒక ఈక. నాలుగో గడిలో రాత్రి. మాచర్లలో ఏదో ఇల్లు, గుడ్డి దీపం, గుమ్మం దగ్గర ఒక ఆవిడ బట్టలు మూట కడుతోంది. నవ్వూ లేదు, వంచిన తలా లేదు, చచ్చిన కోడీ లేదు. పేజీ మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క మాట.

నాకు కష్టంగానే తోచింది. పన్నెండు వాక్యాలు రాసి ఇస్తే ఒక్క మాట మిగిలింది. పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకు ఒక బడికి పిలిస్తే వెళ్ళాను. ఆరో తరగతి కుర్రాడు లేచి, "ఆ కోడి మెడ వాల్చేసిన బొమ్మ చూసి నాకు ఏడుపొచ్చిందండీ" అన్నాడు. అటువంటి బొమ్మ మా పుస్తకంలో లేదు. దుమ్ము గడికీ ఈక గడికీ మధ్య వేలెడు సందు ఉంది. ఆ బొమ్మ వాడు అక్కడ చూశాడు. దాన్ని మాస్టారు గీయలేదు, నేను రాయలేదు. వాడే గీసుకున్నాడు. అందుకే వాడికి ఏడుపొచ్చింది.

అమెరికా కామిక్స్ కళాకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో "అండర్‌స్టాండింగ్ కామిక్స్" అని ఒక పుస్తకం తెచ్చాడు. కామిక్స్ గురించిన చర్చను కామిక్స్ రూపంలోనే నడిపిన పుస్తకం అది. గడుల మధ్య ఉండే ఆ ఖాళీని అక్కడివాళ్ళు గట్టర్ అంటారని, అక్కడ పాఠకుడి మనసు రెండు బొమ్మలనూ కలిపి కథ చేసుకుంటుందని ఆయన అందులో వివరంగా చూపించాడు. మేం ఆ పుస్తకం చూసేనాటికి మా బల్ల దగ్గర దాని పేరు సందు. ఆ పేరే నాకు ఇష్టం. సందులోంచి మనుషులు నడుస్తారు.

రాతి మీద, గుడ్డ మీద

ఈ విద్య మనకు పడమటి దేశాల నుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు. అచ్చు రూపం అక్కడిదే, ఒప్పుకోవాలి. బొమ్మలు వరసగా పెట్టి కథ చెప్పడం మాత్రం ఈ నేలకు పాత అలవాటు.

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి స్తూపానికి చెందిన గుండ్రటి శిల్పం ఒకటుంది. నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ అది. దాదాపు పద్దెనిమిదివందల ఏళ్ళనాటిది. మాస్టారు నన్ను వెంటబెట్టుకు వెళ్ళి దాని ముందు నిలబెట్టారు. ఒక పక్క ఏనుగు రెచ్చిపోయి వీధిలో మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. జనం చెదిరిపోతున్నారు. మేడల మీది కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. నడుమ గీత లేదు, గడి లేదు. ఒకే రాయి, ఒకే వీధి, ఒకే ఏనుగు రెండుసార్లు. "ఇది రెండు ఏనుగులనుకునే పిల్లాడు ఒక్కడైనా ఉంటాడా చెప్పు" అన్నారు మాస్టారు. ఏనుగు ఎక్కడ మారింది? ఆ శిల్పి దాన్ని చెక్కలేదు. కోపానికీ శాంతానికీ మధ్య ఉన్న క్షణాన్ని చూసేవాడికి వదిలేశాడు.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలు ఇంకా దగ్గరి చుట్టాలు. మూడడుగుల వెడల్పున, పదుల అడుగుల పొడుగున సాగే గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, అడ్డపట్టీలుగా కథ దిగుతుంది. పటం వేసేది నకాషీ చిత్రకారుడు, కథ చెప్పేది వేరొకరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళ వంటి కథకులు వచ్చి, తమకు ఏ ఘట్టాలు కావాలో చెప్పి పటం వేయించుకుంటారు. దాన్ని ఊరూరా తిప్పి, విప్పుకుంటూ, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ పాడతారు. పటం పాతబడి చిరిగిపోతే పూజ చేసి ఏట్లో కలిపి, కొత్తది వేయించుకుంటారు.

ఈ ఏర్పాటును కాస్త ఆగి చూడండి. బొమ్మ అంతా చెప్పేస్తే కథకుడికి పాట ఉండదు. కథకుడు అంతా పాడేస్తే బొమ్మ చూసే పని ఉండదు. ఇద్దరిలో ప్రతివాడూ రెండోవాడి కోసం కొంత అట్టేపెడతాడు. వాళ్ళిద్దరూ కలిసి వినేవాడి కోసం మరికొంత అట్టేపెడతారు. నా కాగితానికీ మాస్టారి కుంచెకీ మధ్య ఉన్న బంధం అచ్చంగా ఇదే.

తెలుగు అక్షరం అడిగే చోటు

చోటు అన్నాను కాబట్టి, కొలతబద్ద పెట్టి చూడవలసిన చోటు గురించి కూడా చెప్పాలి. ఇక్కడున్న కుర్రకారుకు ఇది పనికొస్తుంది.

ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలు సాధారణంగా పెద్దక్షరాల్లో రాస్తారు. అన్నీ ఒకే ఎత్తు, కిందికి తోక దిగదు, పైకి కొమ్ము లేవదు. మన అక్షరం అలా కాదు. "రాష్ట్రం" అని రాసి చూడండి. ష కింద ట, దాని పక్కన ర. పైవరస ఒత్తు కిందకు దిగుతుంది, కిందివరస గుడి పైకి లేస్తుంది. రెండూ గుద్దుకుంటాయి. ఇంగ్లీషులో నాలుగు వరసలు పట్టే బుడగలో తెలుగు రెండు వరసలు కష్టం మీద పడుతుంది. ఇంగ్లీషు కోసం గీసిన బుడగల్లో తెలుగును కుక్కిన అనువాదాలు చూస్తే అక్షరాలు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు ఉంటాయి. పిల్లలు అవి చదవరు. చదవకపోవడం వాళ్ళ తప్పు కాదు.

మాస్టారు మనుషుల కంటే ముందు మాటలకు చోటు వేసేవారు. పెన్సిలుతో పలచగా బుడగ గీసి, నా మాటలు అందులో రాసి చూసి, ఆ తరవాతే మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చేవారు. ముందు మాట్లాడేవాడు ఎడమ పక్కనుండాలి. లేకపోతే జవాబు ప్రశ్నకంటే ముందు వినపడుతుంది. ఉలికిపాటు కలిగించే బొమ్మ కుడిచేతి పేజీలో రాకూడదు. పుస్తకం విప్పగానే కన్ను అక్కడ పడి గుట్టు రట్టవుతుంది. కుడి పేజీ చివరి గడిలో ప్రశ్న పెట్టి, పేజీ తిప్పాక జవాబు ఇవ్వాలి. పేజీ తిప్పే ఆ చిన్న చప్పుడు కూడా సందే.

బుడగలో చోటు తక్కువని నేను మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఆ ఇరుకే నా వచనాన్ని బాగుచేసింది. "నువ్వు ఇక్కడి నుంచి వెళ్ళిపోవడం మంచిదని నేను భావిస్తున్నాను" అని రాస్తే మాస్టారు ఏమీ అనకుండా బుడగ కొలిచి చూపించేవారు. మా అమ్మమ్మ అయితే ఏమంటుందని ఆలోచించేవాణ్ణి. "ఇంక పోరా." అంతే. బుడగలో పట్టింది, చెవిలోనూ పట్టింది. మన భాష నోటి భాషగా ఉన్నంతసేపూ పొదుపైనదే. కాగితం మీదికి రాగానే దానికి కోటూ బూటూ తొడుగుతాం.

గీయడం రానివాళ్ళ మాట

బొమ్మ గీయడం రాదని మొహమాటపడే కుర్రవాళ్ళు నాకు తరచు తగులుతారు. వాళ్ళకు హార్వీ పీకార్ గురించి చెబుతుంటాను. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊళ్ళో, మాజీ సైనికుల ఆస్పత్రిలో ఫైళ్ళు సర్దే గుమాస్తా ఆయన. పదవీ విరమణ దాకా ఆ ఉద్యోగం వదల్లేదు. గడులు గీసి, అందులో అగ్గిపుల్లల్లాంటి మనుషుల్ని నిలబెట్టి, పక్కన మాటలు రాసేవాడు. స్నేహితుడైన రాబర్ట్ క్రంబ్ వంటి చిత్రకారులు వాటికి ఒళ్ళూ ప్రాణమూ ఇచ్చారు. 1976లో సొంత డబ్బుతో "అమెరికన్ స్ప్లెండర్" అచ్చు వేసుకున్నాడు. అందులో వీరులు లేరు, ఎగిరే మనుషులు లేరు. ఆఫీసులో మాటలు, దుకాణంలో బిల్లు కట్టే వరస, ఒంటరి సాయంత్రాలు ఉన్నాయి. రచయితకు చేయి తిరగక్కర్లేదు, కన్ను ఆగితే చాలునని ఆయన పుస్తకాలు నాకు ధైర్యం ఇచ్చాయి.

మన దగ్గర నా తరానికి ఆ ధైర్యం ఇచ్చింది చందమామ. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక. "తోకచుక్క", "మకరదేవత", "రాకాసిలోయ" వంటి సీరియళ్ళకు చిత్రగారి బొమ్మలు వచ్చేవి. ఆ కోటలూ, ఆ మాంత్రికుల గడ్డాలూ, ఆ చిత్రమైన జంతువులూ చూస్తూ పెరిగాం. భాగం చివర వీరుడు ఏ లోయ అంచునో వేలాడుతుండేవాడు. తరవాతి సంచికకు నెల పట్టేది. ఆ నెల పొడుగునా ప్రతి పిల్లాడూ వాడిని తన పద్ధతిలో పైకి లాగేవాడు. నేను రాసిన మొట్టమొదటి కథలు అవే. ఆ నెల రోజుల సందులో కూర్చుని నేను రచయితనయ్యాను.

చోటు వేరు, పేరు వేరు

ఇక్కడిదాకా వదలడం గురించి మంచిగా మాట్లాడాను. దానికి మరో ముఖం ఉంది. దాన్ని దాటవేస్తే ఈ సభకు న్యాయం చేసినవాణ్ణి కాను.

ఆ చందమామ సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. బొమ్మ మీద "చిత్ర" అనే సంతకం ఉండేది. కథ మీద ఆయన పేరు ఉండేది కాదు. లోయ అంచున నన్ను నెల నెలా వేలాడదీసిన మనిషి ఎవరో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. అమర్ చిత్రకథ దగ్గర కథ తిరగబడింది. 1967లో ఆ వరసను మొదలుపెట్టిన అనంత్ పాయ్ పేరు దేశానికంతా తెలుసు. మనం కృష్ణుణ్ణి తలచుకోగానే కళ్ళ ముందుకొచ్చే ఆ నీలి బాలుణ్ణి గీసిన రామ్ వాయీర్కర్ పేరు ఎంతమందికి తెలుసు?

అమెరికాలోనూ ఇదే తంతు. అదే క్లీవ్‌లాండ్‌లో పెరిగిన జెర్రీ సీగల్ రాస్తే, జో షుస్టర్ గీస్తే సూపర్‌మాన్ పుట్టాడు. 1938లో ఆ ఇద్దరూ 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చారు. తీసేసిన వాళ్ళ పేర్లు మళ్ళీ ఆ బొమ్మ పక్కకు రావడానికి 1970ల నడుమ దాకా ఆగవలసి వచ్చింది. 1939లో బాట్‌మాన్‌కు కథా, వేషమూ సమకూర్చడంలో సగం చేయి వేసిన బిల్ ఫింగర్ 1974లో చనిపోయాడు. ఆయన పేరును అధికారికంగా ఒప్పుకున్నది 2015లో.

పాఠకుడికి చోటు వదలడం కళ. పక్కవాడి పేరుకు చోటు వదలకపోవడం అన్యాయం. రెండింటినీ కలిపి, "కళాకారుడికి వినయం ఉండాలి" అనే ఒక్క మాట కింద దాచేస్తుంటారు. వినయం నా అంతట నేను ఎంచుకోవలసింది. ఇంకొకరు నా తరఫున ఎంచిపెడితే దాన్ని వినయం అనకూడదు.

మనకు మంచి ఉదాహరణ కూడా ఉంది. బాపు, రమణ అని విడదీసి పిలిచే తెలుగువాడు అరుదు. బాపురమణలు అంటే ఒక్క మాటే. బుడుగు మాట చెవిన పడగానే బుడుగు బొమ్మ కంట పడుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అని ఎవరూ అడగలేదు. 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో ముళ్ళపూడి వెంకటరమణ గారు, ముంబైలో అనంత్ పాయ్ గారు ఒకేరోజు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను మాస్టారి ఇంట్లో ఉన్నాను. వార్త రెండోసారి విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "బాపుగారు రేప్పొద్దున్న ఎవరి కాగితం చూసుకుంటారు?" అన్నారు. ఆ ప్రశ్న నాకు సొంతంగా అర్థమైంది మాస్టారు పోయాకే.

ఇవాళ మాట చెబితే బొమ్మ గీసిచ్చే యంత్రాలు వచ్చాయి. నేనూ ఒకసారి కూర్చుని చూశాను. పలనాటి పేజీకి మొదట రాసుకున్న ఆరు గడులూ చెప్పాను. ఆరూ గీసింది. కూలిన కోడి, నాగమ్మ నవ్వు, వంచిన తల, అన్నీ ఉన్నాయి. అడిగింది అడిగినట్టు చేసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టలేదు. నాకు కావలసింది ఆ కళ్ళజోడు. ఇక్కడున్న యువ రచయితలకు నా విన్నపం ఇదే: మీ కాగితాన్ని కాదనగల మనిషిని ఒకరిని వెతుక్కోండి, వాళ్ళతో పదేళ్ళు పనిచేయండి.

ఒక అంచు

చివరగా, నేను ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచుకున్న సంగతి.

మా మొదటి పుస్తకం అచ్చయినప్పుడు అట్ట మీద నా పేరు ఉంది, మాస్టారి పేరు లేదు. వేసినవాళ్ళను అడిగితే, పిల్లల పుస్తకాలకు బొమ్మలవాళ్ళ పేరు వేసే అలవాటు లేదన్నారు. నాకు అది మొదటి పుస్తకం. గట్టిగా అడిగితే రెండోది వేయరేమోనని ఊరుకున్నాను. మాస్టారు ఒక్క మాట అనలేదు. చివరి పేజీలో, రావిచెట్టు అరుగు కింద, చీమలబారులా కనిపించే అక్షరాల్లో ఆయన తన సంతకం పెట్టుకున్నారు. పుస్తకం అంచు కోసేటప్పుడు అది కూడా పోయింది. నేను చూశాను. ఆయనా చూశారు. ఆ తరవాతి పది పుస్తకాలకూ ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయాలని పట్టుబట్టి వేయించాను. మొదటిది మాత్రం అలాగే ఉండిపోయింది.

పోయిన నెల మాస్టారి భార్య ట్రంకుపెట్టె తెరిచి, ఆ పుస్తకం అసలు బొమ్మలు నా చేతికిచ్చారు. ఇరవై ఎనిమిది షీట్లు, మధ్య మధ్య వేపాకు. చివరి షీటు అడుగున ఆ చీమలబారు చెక్కుచెదరకుండా ఉంది. పుస్తకం మళ్ళీ అచ్చుకు వెళ్ళింది. అట్ట మీద మాస్టారి పేరు ముందు వస్తుంది. ప్రెస్సువాళ్ళు ఫోను చేసి, చివరి పేజీలో బొమ్మ కింద ఖాళీ ఎక్కువైంది, కాస్త కోసేయమంటారా అని అడిగారు.

ఆ ఖాళీ అలాగే ఉంచమన్నాను.